జత కుదరని చక్రం

కరోనా సద్దుమణిగిన మరుసటి చలికాలం. తాండూరు శివారులో మా ఫౌండ్రీ పెట్టి అప్పటికి కొన్నేళ్లయింది. చుట్టూ నాపరాళ్లు కోసి పాలిష్ చేసే యూనిట్లే. ఆకాశం నుంచి మంచు కన్నా రాతిపొడే ఎక్కువ రాలే చోటు అది. పొద్దున కట్టుకున్న చీర ఏ రంగుదైనా సాయంత్రానికి బూడిద రంగు చీరే.

ఫౌండ్రీ అంటే తెలియని వారికి ఒక మాట చెప్పాలి. ఇనుమును కరిగించి, ఇసుకలో అచ్చుతీసిన గుంటలోకి పోసి, చల్లారాక కావలసిన ఆకారంలో బయటికి తీసే చోటు ఫౌండ్రీ. ఆ ఇసుక అచ్చును మౌల్డ్ అంటాం. అందులో పోసేది కాస్ట్ ఐరన్, ఇళ్లల్లో పెనాలకు వాడే బీడు. నేను మెకానికల్ డిప్లొమా చదివి, తాండూరులో పప్పు మిల్లు ఉన్న ఇంటికి కోడలినయ్యాను. కందులు, పొట్టు, గోనెసంచుల మధ్య కొన్నాళ్లు ఉన్నాక ఇక నావల్ల కాక ఈ ఫౌండ్రీ పెట్టించుకున్నాను. మా మామగారికి అదొక వేళాకోళం. "పప్పు అమ్మే ఇంట్ల ఇనుము ఉడకబెడ్తున్నవ్. కుక్కర్ ఎన్ని కూతలకు దించాల్నమ్మా?" అని వచ్చినవాళ్లందరి ముందూ అడిగేవాడు. అడిగి, తనే అందరికన్నా ముందు నవ్వేవాడు.

మాకు రోజూ అన్నం పెట్టే పని బండలు మోసే ట్రాలీల చక్రాలు. చిన్నవి, మొత్తం బీడుతో ఒకే పోతలో అయిపోయేవి. అవి కళ్లు మూసుకుని చేసేవాళ్లం. ఆ మాట నేను నలుగురి ముందూ అనేదాన్ని కూడా.

అలాంటి రోజుల్లో ఒక పొద్దున, ట్రాక్టరు ట్యూబును దండలా మెడలో వేసుకుని ఒకామె లోపలికి వచ్చింది. నడి వయసు దాటింది. భుజాన గొంగడి, చేతిలో కర్ర. పేరు బాలమ్మ, ఊరు దౌల్తాబాద్ పక్కన. వాళ్లది తరతరాలుగా గొర్రెలు కాసే ఇల్లు.

"గీ ట్యూబు సూడు సావుకారమ్మా. అతుకుల బొంత అయింది" అని దాన్ని నా ముందు పడేసింది. నిజంగానే అతుకు మీద అతుకు.

సంగతి ఇది. మా వైపు కంది పంట కోశాక చేనులో కొయ్యకాళ్లు మిగులుతాయి. కొడవలితో ఏటవాలుగా కోస్తారు కాబట్టి ఒక్కొక్కటి ఈటె మొనలా నిలబడి ఉంటుంది. రాలిన కందాకు గొర్రెలకు మంచి మేత. అందుకని కోతలు మొదలవగానే బాలమ్మ, ఆమె పెనిమిటి మల్లయ్య మందను తోలుకుని చేను నుంచి చేనుకు పోతూ ధారూర్ దాకా వెళ్తారు. రాత్రిళ్లు తమ చేలో మంద పడుకుంటే ఎరువవుతుందని రైతులు పిలిచి మరీ చోటిస్తారు. మందతో పాటు ఎడ్లబండి ఉండాలి. నీళ్ల డ్రమ్ము, ఈనే గొర్రెలు, నడవలేని గొర్రెపిల్లలు అన్నీ దాని మీదే. ఆ బండికి ఉన్నవి టైరు చక్రాలు. కంది చేలో టైరు ఎంత దూరం పోతుంది?

"పోయినేడు నడి చేన్ల రెండు టైర్లు ఒక్కపారే కూసున్నయ్. నీళ్లు యాడనో ఉన్నయ్. మేం బిందెలతోని మోసుకొచ్చేసరికి ఈనిన గొర్రెలకు పాలు ఎండినయ్, పిల్లలు నోర్లు తెరిచి సచ్చినయ్" అంది బాలమ్మ. ట్యూబు అతుకును గోటితో గీకుతూ మళ్లీ అంది. "మా మరిది అమ్ముదమంటుండు. గీయేడు గూడ బండి ఆగితే మంద అమ్ముడే అని మా ఇంటాయన మాటిచ్చిండు. నాకు గాలి లేని చక్రాలు గావాలె. మా మామ నాటి కట్టె చక్రాలసొంటియి. గిప్పుడు కట్టెవి చేసేటోడు లేడు."

"ఇనుముతోని చేసిస్త" అన్నాను. ఎంత తొందరగా అన్నానంటే, పక్కనే ఇసుక జల్లెడ పడుతున్న మా మౌల్డర్ బసప్ప చెయ్యి ఆపి నా వంక చూశాడు. బసప్పది సేడం వైపు. కన్నడం కలిసిన తెలుగు మాట్లాడతాడు.

"అక్కా, అట్లాంటిది మనం ఎప్పుడు చేసినం?" అన్నాడు ఆమె వెళ్లిపోయాక.

"ఇప్పుడు చేస్తం."

"ఆయ్తు" అన్నాడు. ఆయ్తు అంటే సరే అని. బసప్ప 'ఆయ్తు'లో మాత్రం 'నీ ఇష్టం, నీ ఖర్మ' రెండూ కలిసి ఉంటాయి.

నల్లరేగడిలో దిగబడకుండా ఉండాలంటే చక్రం నడుమెత్తు ఉండాలి, అంచు వెడల్పుగా ఉండాలి. అంత చక్రం మొత్తం బీడుతో పోస్తే ఎడ్లు లాగలేవు. కనుక స్పోక్‌ల చక్రమే దారి. స్పోక్‌లంటే బండి చక్రానికి ఉండే ఆకులు. ఇనుప పట్టీని వంచి రిమ్ చేస్తారు, సలాకలు కోసి ఆకులు చేస్తారు. నడిమి కుండ, అంటే హబ్, బీడుతో పోత పోస్తారు. ఆకుల లోపలి కొసలకు గాట్లు పెట్టి, తుప్పు గీకి, సూర్యుడి కిరణాల్లా మౌల్డ్‌లో పరుస్తారు. కరిగిన బీడు వాటి చుట్టూ చేరి గడ్డకట్టి, గాట్లలోకి దిగి పట్టుకుంటుంది. చెబితే ఇంతే.

బాలమ్మ పెట్టిన షరతు ఒకటే. ఆకులు పన్నెండు ఉండాలి. కట్టె చక్రంలో అంచు ముక్కలను పూటీలంటారు. ఒక్కో పూటీకి రెండు ఆకులు దిగుతాయి, అందుకని ఏ కట్టె చక్రానికైనా ఆకులు సరి సంఖ్యే. ఆమె కంటికి అలవాటైంది అదే. నేను ఒప్పుకున్నాను. నాకు పన్నెండైతే ఏమిటి, ఇంకోటైతే ఏమిటి?

మొదటి చక్రానికి రిమ్, ఆకులు ముందే వెల్డింగ్ చేసి, మధ్యలో హబ్ పోశాం. పోత చూడముచ్చటగా దిగింది. కరిగిన బీడు పోసే మూకుడు దించి చెమట తుడుచుకుంటున్నామో లేదో, ఇసుక లోపల 'టక్' మని చప్పుడు. బసప్ప మొహం చూస్తేనే అర్థమైంది. విప్పి చూస్తే హబ్ నిలువునా పగిలి ఉంది.

కారణం తెలియనిది కాదు. కరిగిన ఇనుము చల్లారేటప్పుడు కొంచెం కుంచించుకుపోతుంది. హబ్ లోపలికి ముడుచుకోవాలని చూస్తుంది. ఆకుల అవతలి కొసలు రిమ్‌కు అతికి ఉన్నాయి, అవి కదలవు. ఇటు లాగుడు, అటు బిగింపు. బీడు వంగే రకం కాదు, విరిగే రకం.

రెండోసారి తెలివి ఉపయోగించాం. ముందు ఆకులతో హబ్ పోసి, చల్లారాక రిమ్ వెల్డింగ్ చేశాం. హబ్ పగల్లేదు. పండగ చేసుకుందామనుకుంటుండగా వెల్డింగ్ వేడికి ఒక్కో ఆకు ఒక్కో దిక్కుకు గుంజి, చక్రం కోడిగుడ్డు ఆకారానికి వచ్చింది. దాన్ని వాకిట్లో దొర్లిస్తున్న సమయానికే బాలమ్మ రావాలా!

చక్రం అటూ ఇటూ ఊగుతూ పోయి గోడకు ఆనుకుంది. బాలమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "గిది కల్లు తాగిందా సావుకారమ్మా?"

పనివాళ్లంతా ఘొల్లుమన్నారు. నాకు ఒళ్లు మండింది. కాని ఆమె నవ్వు కూడా ఎక్కువసేపు నిలవలేదు. "కొడంగల్ దిక్కు కోతలు షురువైనయ్. మా మరిది బేరగాన్ని గూడ సూసిండు" అని నెమ్మదిగా చెప్పి, కర్ర పట్టుకుని వెళ్లిపోయింది.

ఆ మధ్యాహ్నమంతా నేను బసప్ప మీద అరిచాను. ఇసుక తడి అన్నాను, బొగ్గు సరిగా లేదన్నాను, వెల్డింగ్ వాడిది చెయ్యా కాలా అన్నాను. అంతా విని బసప్ప, "నన్ను తిడితే ఇనుముకు బుద్ధొస్తదా అక్కా?" అన్నాడు. ఆ మాట నిజమే. కోపం మాత్రం అలాగే ఉంది. దాన్ని వెంటబెట్టుకుని మా పప్పు మిల్లుకు పోయాను.

మా మిల్లు గుమ్మం పక్కన ఒక పాత బీడు పుల్లీ పడి ఉంటుంది. ఒకప్పుడు ఆయిల్ ఇంజిన్ నుంచి బెల్టుతో మిల్లును తిప్పిన పెద్ద చక్రం అది. కరెంటు మోటార్లు వచ్చాక దాని పని అయిపోయింది. హమాలీలు దాని మీద కూర్చుని బీడీలు కాలుస్తారు. నేనూ వెళ్లి దాని మీదే కూలబడ్డాను.

"ఏమైందమ్మా, కుక్కర్ పేలిందా?" అన్నాడు మామగారు.

తల వంచుకుని ఉన్నాను కాబట్టి నా కళ్లు పుల్లీ మీదే ఉన్నాయి. పెళ్లయినప్పటి నుంచి చూస్తున్న వస్తువే. ఆ రోజు మొదటిసారి సరిగా చూశాను. దాని మధ్య కుండ నుంచి అంచుకు పోయే చేతులు ఐదే ఉన్నాయి. అందులో ఒక్కటీ తిన్నగా లేదు. అన్నీ కొడవలిలా ఒకే వైపు వంగి ఉన్నాయి.

"మామా, దీనికి ఐదే చేతులెందుకు పెట్టిన్రు?"

"నాకేమెరుక? మా నాయన కాలం నుంచి గట్లనే తిరిగింది. ఏనాడు ఆగలే, ఏనాడు పగల్లే."

ఒక చేతి మొదట్లో వేలు పెట్టి, కుండ మీదుగా తిన్నగా అవతలికి జరిపాను. అవతల చెయ్యి లేదు, ఖాళీ ఉంది. ఇంకో చేతి నుంచి జరిపాను. అవతల మళ్లీ ఖాళీయే. బేసి చేతులు కాబట్టి ఏ రెండూ ఎదురెదురుగా నిలబడి లాక్కోవు. పైగా వంకర తిరిగి ఉన్నాయి కనుక, కుండ లోపలికి ముడుచుకున్నప్పుడు చెయ్యి కాస్త చాపుకుంటుంది, కుండను చీల్చదు. ఇదంతా నేను డిప్లొమాలో చదివిందే. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. మార్కులు వచ్చాక మళ్లీ ఎందుకు గుర్తుంటుంది?

నేను లేచిన వేగానికి మామగారు కంగారుపడ్డాడు. "భోజనం జేసి పోరాదూ!" అని వెనక నుంచి కేక. భోజనమెవరికి కావాలి!

పదకొండు ఆకులు కోశాం. బసప్ప చెక్క దిమ్మకు మేకులు కొట్టి, ఒక్కో సలాకను వాటి మధ్య పెట్టి, అన్నీ ఒకే వంపు వచ్చేలా వంచాడు. ఈసారి రిమ్ ముందే అతికించాం, చక్రం వంకరపోకుండా. హబ్ పోశాం. ఇక ఎదురుచూడాలి. ఇసుకలోనే నిదానంగా చల్లారనివ్వాలి. తొందరపడి విప్పితే చల్లగాలి తగిలి మళ్లీ పగలొచ్చు. నా చేతులు నా మాట వినవని తెలిసి బసప్ప పార దాచేశాడు.

మర్నాడు విప్పాం. పగులు లేదు. బసప్ప సుత్తితో హబ్ మీద చిన్నగా ఒక దెబ్బ వేశాడు. పగిలిన బీడు కొడితే కుండ పెంకులా చప్పగా మోగుతుంది. ఇది ఖంగుమంది. అతను మళ్లీ కొట్టాడు, మళ్లీ ఖంగుమంది. నేను సుత్తి లాక్కుని కొట్టాను. తర్వాత పనివాళ్లంతా వరసగా కొట్టారు. పక్క పాలిషింగ్ యూనిట్ వాళ్లు గోడ మీది నుంచి తొంగి చూశారు, ఇక్కడేం పూజ జరుగుతోందని. వాకిట్లో దొర్లిస్తే చక్రం తిన్నగా వెళ్లి గేటు దాటి రోడ్డెక్కింది. దాని వెనక నేను పరుగెత్తాను. పప్పు సావుకారి కోడలు రోడ్డు మీద చక్రం వెంట పరుగెత్తిందని ఊళ్లో చాలా రోజులు చెప్పుకున్నారు. చెప్పుకోనీ.

రెండో చక్రం కూడా అలాగే వచ్చింది. వికారాబాద్‌లో లేత్ మెషిన్ ఉన్నవాళ్ల దగ్గరికి వెళ్లి ఇరుసు, బుష్‌లు తెచ్చుకున్నాం. బుష్ అంటే ఇరుసుకీ హబ్‌కీ మధ్య వేసే మెత్తని లోహపు గొట్టం. అరిగితే అదే అరగాలి, చక్రం అరగకూడదు. అంతా సిద్ధం చేసి బాలమ్మకు కబురు పెట్టాను.

ఆమె, మల్లయ్య ఎడ్లను తోలుకుని బండితో సహా వచ్చారు. చక్రాలను చూడగానే ఆమె మొహం వెలిగింది. వంగి, రెండు వేళ్లు చాచి ఆకులను తాకుతూ లెక్కపెట్టడం మొదలుపెట్టింది. "జత... జత... జత..." గొర్రెల వాళ్ల లెక్క అది. మంద దొడ్లోంచి వస్తున్నప్పుడు రెండేసి చొప్పున కర్రతో తాకి లెక్కిస్తారు, అమ్మేటప్పుడూ జత ఇంత అనే బేరమాడతారు. చివరి ఆకు దగ్గర ఆమె రెండు వేళ్లలో ఒకటి గాల్లో ఉండిపోయింది. మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టింది. మళ్లీ అంతే.

"సావుకారమ్మా, ఒకటేది?"

"ఏమొకటి?"

"ఒక ఆకు. జత కుదరలే. పన్నెండని జెప్పి ఒకటి ఎగ్గొట్టినవ్."

ఇన్నాళ్లు మసి మింగి, తిండి మాని చేస్తే, ఒక సలాక ముక్క దగ్గర కక్కుర్తి పడ్డానన్నమాట! నేను రంకెలేసే లోపే ఆమె మళ్లీ అంది, ఈసారి కోపంగా కాదు, భయంగా. "మందల జత కుదరలేదంటే తోడేలు వడ్డట్టు. పొద్దుగాల్ల జత తప్పిన్నాడు మేం మంద కదిలియ్యం. గసొంటిది జత తప్పిన చక్రం మీద పిల్లల నెట్ల ఎక్కియ్యాలె?"

మల్లయ్య ఎడ్లను వెనక్కి తిప్పడానికి పగ్గం పట్టుకున్నాడు. అతను తిప్పితే బండి మాత్రమే కాదు, మంద కూడా వెళ్లిపోతుంది. అది నాకు తెలుసు, బాలమ్మకూ తెలుసు. ఆమె అతని చెయ్యి పట్టుకోలేదు, అలాగని నా చక్రాన్నీ వదల్లేదు. దాని అంచు మీద అరచెయ్యి అలాగే ఉంది.

లోహం, వేడి, ముడుచుకోవడం అని నేను మొదలుపెట్టాను. "నీ సదువు నాకేం దెల్వది" అని కొట్టిపారేసింది. న్యాయమే. ఆమె అడిగింది ఆమె లెక్కలో, నేను చెబుతున్నది నా లెక్కలో.

అప్పుడు తుక్కు కుప్పలోంచి ఆ మొదటి చక్రాన్ని దొర్లించుకొచ్చి ఆమె ముందు పడేశాను. "దీనికి లెక్కవెట్టు."

లెక్కపెట్టింది. జతలన్నీ కుదిరాయి. ఆమె వేలు పట్టుకుని హబ్ పగుల్లో పెట్టాను.

"బాలమ్మా, ఒక్కటే రాటకు రెండు పొట్టేళ్లను కడ్తివనుకో. ఒకటి గీ దిక్కు, ఒకటి సక్కగ దానికి ఎదురుంగ. రెండు గుంజుకుంటే ఏమైతది?"

"రాట ఇరుగుతది" అంది వెంటనే. "ఎదురుంగ కట్టం. జర పక్కకు కడ్తం."

"నేను చేసింది గదే. గిదో, గీ ఆకుకు ఎదురుంగ ఏముంది?"

ఆమె చూసింది. వేలు జరిపి చూసింది. ఇంకో ఆకు దగ్గర, మరో ఆకు దగ్గర. ఎదురుగా ఖాళీ, ప్రతి దానికీ. మల్లయ్య పగ్గం వదులు చేశాడు.

"మాటలతోని కాదు. కంది చేన్ల నడిపి సూపియ్యి" అంది చివరికి.

మామగారికి తెలిసిన రైతు చేను ఊరి బయటే ఉంది, కోత అయి రెండు రోజులే. కొయ్యకాళ్లు పచ్చిగా, పదునుగా నిలబడి ఉన్నాయి. బండికి చక్రాలు ఎక్కించి నీళ్లు నిండిన డ్రమ్ము పెట్టాం. అది చాలదని నేను నాపరాళ్లు కూడా వేయించాను. "ఎడ్ల ప్రాణం తీస్తవా?" అని బసప్ప గొణిగాడు. 'ఊరికే చూసిపోత' అంటూ మామగారు తెల్లటి ధోవతిలో గట్టు మీద నిలబడ్డాడు.

మల్లయ్య ఎడ్లను అదిలించాడు. బండి చేలో దిగింది. రిమ్ కింద కొయ్యకాళ్లు పటపటమని విరుగుతున్నాయి. మొదటి గట్టు మీద చక్రం ఎక్కి ధబ్బున దిగినప్పుడు నా గుండె కూడా దిగింది. ఆ 'టక్' చప్పుడు కోసం నా చెవులు వెతుకుతున్నాయి. రాలేదు. బండి అవతలి గట్టుకు చేరింది, తిరిగింది, వెనక్కి వచ్చింది. డ్రమ్ములో నీళ్లు మాత్రం కొంచెం ఒలికాయి. బసప్ప ఈల వేశాడు. మామగారు కండువా గాల్లోకి విసిరి, అది ముళ్లకంపలో పడితే తీసుకోవడానికి పోయి ధోవతి చింపుకున్నాడు. నేను ఏడ్చాను. దాచుకోలేదు కూడా.

బాలమ్మ వంగి రెండు హబ్‌లను చేత్తో తడిమింది. ఒక్క గీత లేదు. కొంగు ముడి విప్పి పసుపు తీసి రెండింటికీ పూసింది. "పదకొండుంటే ఉండనీ" అంది. వాళ్లు ఆ బండి మళ్లీ మా ఫౌండ్రీకి తేలేదు. అటే, చేల మీదుగా, మంద దగ్గరికి తోలుకుపోయారు.

శివరాత్రి దాటాక ఒకరోజు వికారాబాద్ నుంచి రైల్లో వస్తుంటే బాలమ్మ ఫోన్ చేసింది. "ధారూర్ కాడ ఉన్నం. దిగి సూసిపో." దిగాను. స్టేషన్‌కు కాస్త దూరంలో కంది చేలో మంద ఉంది. బండి మధ్యలో నిలబడి ఉంది. రిమ్ కొయ్యకాళ్లకు రాసుకుని రాసుకుని గీతలు పడి వెండిలా మెరుస్తోంది. హబ్ మీద పసుపు ఇంకా పోలేదు.

పొద్దు వాలుతోంది. మల్లయ్య వలతో కట్టిన దొడ్డికి ఇరుకు దారి వదిలాడు. బాలమ్మ బండి మీది గడ్డిని కర్రతో ఒకసారి తాకి వచ్చి, దారి పక్కన నిలబడి మొదటి గొర్రెను తాకింది. "జత... జత..." గొర్రెలు, పిల్లలు రెండేసి లోపలికి పోతున్నాయి. ఏడాది కిందట నోళ్లు తెరిచిన పిల్లల మాట గుర్తొచ్చి నేనూ వేళ్లు చాచి లెక్కపెట్టసాగాను. ఆఖరుకు దొడ్డి ముందు ఒకే ఒక్క గొర్రె మిగిలింది. దాని పక్కన జత లేదు.

"ఒకటేది బాలమ్మా?" అన్నాను. "పొద్దుగాల్ల జత కుదిరిందా?"

"కుదిరింది" అంది. కర్ర కింద పెట్టి బండి దగ్గరికి నడిచింది.

ఆ ఏడాది నుంచి మా ఫౌండ్రీలో పెద్ద చక్రాలన్నింటికీ ఆకులు బేసే. కొనేవాళ్లు లెక్కపెట్టి ఒకటి తక్కువైందంటే నాకిప్పుడు కోపం రాదు. వాళ్లు ఏం లెక్కపెడతారో, ఎలా లెక్కపెడతారో ముందు అడుగుతాను, తర్వాతే ఇనుము సంగతి. చల్లారే లోహానికి కాస్త చోటు వదలాలని డిప్లొమా నేర్పింది. మిగిలిన ప్రతిదీ పోయినదాని గుర్తు కాదని నాకు నేర్పింది ధారూర్ చేలో ఆ సాయంత్రం.

ఆ వేళ బాలమ్మ బండిలోని గడ్డి మీద నుంచి, ఇంకా తడి ఆరని ఒక పిల్లను ఎత్తుకొచ్చి నా చేతుల్లో పెట్టింది. బయట మిగిలిన తల్లి గొర్రె మెడ చాచి నా చేతులకేసి అరిచింది.

"గింతకు ముందే ఈనింది, గీ బండి మీదనే" అంది బాలమ్మ. "వట్టుకో సావుకారమ్మా. గా రోజు నువ్వు ఎగ్గొట్టిన ఆకు గిదే!"